ఆరో పూస, ఇరవయ్యారో పూస

ఈ మధ్య ప్రొటీన్ల గురించి ఎవరు రాసినా కథ ఒకే చోట ముగుస్తోంది. కంప్యూటరు ప్రొటీను ఆకారాన్ని ఊహించేసింది, 2024లో రసాయన శాస్త్రంలో నోబెల్ కూడా ఇచ్చేశారు, ఇక చూడాల్సిందేముంది అని. నా మటుకు నాకు అసలు పని ఇప్పుడే మొదలైందనిపిస్తుంది. ఆకారం తెలిశాక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: అందులో ఎవరు ఎవరిని ఆనుకుని ఉన్నారు? పైకి చాలా తేలికైన ప్రశ్న. అంత తేలిగ్గా జవాబు వచ్చేస్తుంది కాబట్టే దాన్ని నమ్మేసి మోసపోతాం.

ముందు ఆ జవాబు ఎలా వస్తుందో చెప్తాను. ప్రొటీను అంటే అమైనో ఆమ్లాల దండ. ఒక్కో ఆమ్లం ఒక్కో పూస. దండ ముడుచుకుని ఉండగా చుట్టినప్పుడు మొదట్లో ఉన్న పూస వెళ్ళి చివరి పూసకి తగలొచ్చు. నేనుంటున్న రంగూన్ పబేడాన్‌లో వీధులన్నిటికీ అంకెలే పేర్లు. 26వ వీధిలో యూదుల ప్రార్థనా మందిరం ఉంది. ఆ వీధి ఈ కొసనున్న ఇంటికీ ఆ కొసనున్న ఇంటికీ చిరునామాలో వీధి ఒకటే, కానీ వాళ్ళ ముఖాలు వీళ్ళు చూసి ఉండరు. వెనక సందులోకి తొంగిచూస్తే అవతలిది 27వ వీధి ఇల్లు. చిరునామా వేరు, కానీ వంటింటి పోపు వాసన ఇద్దరికీ ఒకటే. ప్రొటీన్లో మనం వెతికేది ఈ వెనక సందులనే.

ఉదాహరణకి హిమోగ్లోబిన్ బీటా దండ తీసుకోండి. అందులో 146 పూసలు. 92వ పూస హిస్టిడిన్, హీమ్‌లోని ఇనుముని పట్టుకుని ఉంటుంది. 63వ పూస ఇంకో హిస్టిడిన్, అదే ఇనుముకి అవతలి పక్క నిలబడి ఉంటుంది. దండలో ఇద్దరి మధ్యా 29 పూసల దూరం. ఆక్సిజన్ వచ్చి కూర్చునేది మాత్రం ఈ ఇద్దరి నడుమే.

వీటిని వెతకడానికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. 1971లో ఏడంటే ఏడు నిర్మాణాలతో మొదలైన ప్రొటీన్ డేటా బ్యాంకు ఈరోజు అందరికీ ఉచితం. ఫైలు దించుకుంటే ప్రతి అణువుకీ మూడు అంకెలుంటాయి: ఎక్స్, వై, జెడ్. ప్రతి జతకీ దూరం లెక్కేసి, బీటా కార్బన్ల మధ్య 8 ఆంగ్‌స్ట్రామ్‌ల కన్నా తక్కువుంటే చుక్క పెట్టడమే. పైథాన్‌లో ముప్ఫై లైన్లు. రంగూన్ కరెంటు కోతల మధ్య లాప్‌టాప్ బ్యాటరీ మీద కూడా అయిపోతుంది. వచ్చిన బొమ్మని కాంటాక్ట్ మ్యాప్ అంటారు.

కానీ ఆ 8 ఎక్కడ్నించి వచ్చింది? అది దేవుడు చెప్పిన అంకె కాదు, మనుషులు సౌకర్యం కోసం పెట్టుకున్న గీత. ఈ గీతల చరిత్రలో మన పక్కనున్న మద్రాసుకి పెద్ద పీటే ఉంది. 1950లలో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కొల్లాజెన్‌కి మూడు పేటల జడ నిర్మాణం ప్రతిపాదించారు. అందులో కొన్ని అణువులు మరీ దగ్గరగా ఉన్నాయని రిచ్, క్రిక్ విమర్శించారు. రామచంద్రన్ వాదనకి దిగే ముందు అప్పటిదాకా తెలిసిన స్ఫటిక నిర్మాణాలు ముందేసుకుని, ఏ అణువు ఏ అణువుకి నిజంగా ఎంత దగ్గరగా రాగలదో పట్టిక కట్టారు. మామూలు హద్దు ఒకటి, మరీ తప్పనిసరైతే ఒప్పుకునే హద్దు ఇంకొకటి. ఆ పట్టిక ఆధారంగానే 1963లో రామకృష్ణన్, శశిశేఖరన్‌లతో కలిసి ఇప్పుడు రామచంద్రన్ ప్లాట్ అని ప్రపంచమంతా పిలిచే పటం గీశారు. హద్దు గీసే ముందు లోకంలో ఏముందో చూడాలన్నది ఆ పని నేర్పే పాఠం.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. హిమోగ్లోబిన్ బీటా దండలో ఆరో పూస గ్లుటామిక్ ఆమ్లం. ఇరవయ్యారో పూస కూడా అదే. జన్యువులో రెండిటికీ స్పెల్లింగ్ ఒకటే, జీఏజీ. ఆరో చోట ఒక్క అక్షరం మారి వాలీన్ వస్తే సికిల్ సెల్, అంటే హిమోగ్లోబిన్ ఎస్. మన విశాఖ ఏజెన్సీలో, ఆదిలాబాద్ వైపు గిరిజన కుటుంబాలకి ఈ పేరు బాగా తెలుసు. ఇరవయ్యారో చోట ఒక్క అక్షరం మారి లైసీన్ వస్తే హిమోగ్లోబిన్ ఇ. బర్మా, థాయిలాండ్, కంబోడియా, మన ఈశాన్య రాష్ట్రాల్లో ఇది మామూలు. నేను రోజూ టీ తాగే కొట్లో పక్కన కూర్చున్నవాళ్ళలో ఎందరికో ఉండే ఉంటుంది, వాళ్ళకా సంగతి తెలిసే అవకాశం తక్కువ. (ప్రోగ్రాం రాసేవాళ్ళకో మాట: కొత్త డేటాబేసుల్లో మొదటి మెథియోనీన్‌ని కూడా లెక్కేస్తారు, అక్కడివి 7, 27 అవుతాయి. ఒకటి తేడా మన పాత శత్రువే కదా.)

ఈ రెండిటినీ మన ముప్ఫై లైన్ల ప్రోగ్రాంకిచ్చి, ఏ మార్పు ప్రమాదకరం అని అడగండి. ఆరో పూస ఉపరితలం మీద ఉంది, దాన్ని ఆనుకున్నవాళ్ళు తక్కువ. మారితే పోయే కాంటాక్టులు కొద్దే, కాబట్టి పర్వాలేదంటుంది. ఇరవయ్యారోది కాస్త లోపలుంది. అక్కడ రుణావేశం పోయి ధనావేశం వస్తోంది, కాబట్టి ఇదే జాగ్రత్త అంటుంది. వాస్తవం సరిగ్గా తలకిందులు. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఇ వచ్చినవాళ్ళకి సాధారణంగా కొద్దిపాటి రక్తహీనత, అంతే. ఇద్దరి నుంచీ ఎస్ వస్తే జీవితమంతా నొప్పులు, ఆసుపత్రులు.

ఎందుకిలా? ఆరో చోట వచ్చిన వాలీన్ తన ఇంట్లో ఎవరినీ ఇబ్బంది పెట్టదు. ఆక్సిజన్ దిగిపోయిన హిమోగ్లోబిన్ మీద 85వ ఫినైల్అలనీన్, 88వ లూసీన్ కలిసి ఒక చిన్న గుంట చేస్తాయి. ఒక హిమోగ్లోబిన్ వాలీన్ పక్క హిమోగ్లోబిన్ గుంటలో దూరుతుంది. అలా ఒకదానికొకటి అతుక్కుని తాళ్ళలా పేరుకుంటాయి, ఎర్ర కణం కొడవలిలా వంగుతుంది. జబ్బుకి మూలమైన ఆ కాంటాక్టు ఒంటరి హిమోగ్లోబిన్ ఫైల్లో లేనే లేదు. ఇద్దరు పక్కపక్కన ఉండాలి, అదీ ఆక్సిజన్ లేని స్థితిలో ఉండాలి. ఇక ఇ సంగతి ఇంకో తమాషా. దాని హానిలో పెద్ద వాటా ఆకారానిది కాదు. మారిన ఆ అక్షరం వల్ల ఆర్‌ఎన్‌ఏని కత్తిరించే చోట గందరగోళమై బీటా దండలు తక్కువ తయారవుతాయి. అందుకే ఇంకోవైపు నుంచి బీటా తలసీమియా వచ్చి కలిస్తే ప్రాణాల మీదికి రావచ్చు. ఏ కాంటాక్ట్ మ్యాపూ దీన్ని చూపించదు.

అంచేత నేననేదేమిటంటే, ఒంటరి ప్రొటీను బొమ్మ చూపించి జబ్బుని వివరించేశామనడం మానాలి. ఆల్ఫాఫోల్డ్ 2022 నాటికి ఇరవై కోట్లకు పైగా నిర్మాణాలు ఉచితంగా పెట్టింది, మహోపకారమే. కానీ అవి ఒక్కో దండకి విడిగా చేసిన ఊహలు, ఒక్క పూస మారితే ఏమవుతుందో చెప్పడానికి చేసినవి కావు. కాంటాక్టులు సరిగ్గా తెలిసినా కథ అయిపోదు. వోక్సెలోటార్ అనే మందు హిమోగ్లోబిన్ ఆల్ఫా దండ మొదటి పూసని పట్టుకుని, ఆక్సిజన్ ఉన్న ఆకారంలోనే నిలబెట్టేలా తయారైంది. ఆలోచన చక్కనిది. 2019లో అమెరికాలో అనుమతి కూడా వచ్చింది. 2024 సెప్టెంబరులో నొప్పి దాడులు, మరణాల లెక్కలు చూసుకుని కంపెనీయే ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది.

ఇదంతా ప్రయోగశాల గోల, మనకెందుకంటారా? 2023 జూలైలో భారత ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో ఏడు కోట్ల మందికి పరీక్ష, చేతికొక కార్డు. ఒక్క ఎస్ మాత్రమే ఉన్నవాళ్ళు రోగులు కారు, మామూలుగా బతుకుతారు. అలాంటి ఇద్దరు పెళ్ళి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం బిడ్డకి జబ్బు రావడానికి. ఈ తేడాని తెలుగులో, కువిలో, గోండిలో అర్థమయ్యేలా చెప్పకపోతే ఆ కార్డు పెళ్ళిచూపుల్లో "ఆ పిల్ల రక్తం మంచిది కాదట" అనే ముద్ర అవుతుంది. అక్షరం ఒక్కటే మారింది, అది ఎవరి పక్కన పడిందన్నదే ముఖ్యం అని చెప్పగలిగితే, అది వంశం మీద మచ్చ కాదనీ రెండు అణువుల మధ్య జరిగే పని అనీ జనానికి అర్థమవుతుంది.

ఇంజనీరింగ్ చదువుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఎవరైనా ఇది చదువుతుంటే, ఒక సాయంత్రం ఆ ముప్ఫై లైన్లూ రాయండి. సికిల్ హిమోగ్లోబిన్ జంటగా ఉన్న ఫైలు డేటా బ్యాంకులో దొరుకుతుంది, ఒంటరిదీ దొరుకుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేని చుక్కేదో వెతకండి. దొరికాక మీ ఊళ్ళో ఆశా కార్యకర్తకి మన భాషలో వివరించి చూడండి. ఆవిడ అడిగే ప్రశ్నలు మీ ప్రోగ్రాంలో ఇంకా ఏం రాయాలో చెప్తాయి.