ఆఖరి కాపు... ఓవెన్‌లోకి!

మీ ఇంట్లో ఓవెన్ ఉందా? ఉంటే, అందులో ఇప్పుడేముంది?

మా కొండాపూర్ ఫ్లాట్‌లో మొన్నటిదాకా మూడు మూకుళ్లు, ఓ అప్పడాల ప్యాకెట్టు ఉండేవి. పాప పుట్టినరోజుకి కేకు చేద్దామని కొన్న ఓటీజీ అది. కేకు ఒక్కసారే చేశాం. అదీ మధ్యలో పచ్చిగానే ఉండిపోయింది. అప్పట్నుంచీ ఓవెన్ కాస్తా అల్మరా అయింది. మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా ఇద్దరూ ఉద్యోగాలకు పరుగెత్తే ఇళ్లలో చాలామందిది ఇదే కథ.

దాన్ని మళ్లీ ఓవెన్‌గా మార్చింది మా అమ్మ!

జనగామ దగ్గరి ఊళ్లో ఇంటికి తాళం వేసి అమ్మ మా దగ్గరికొచ్చి మూడేళ్లయింది. నారపల్లిలో తన ఇంటిమీద తోట పెంచి, ‘మిద్దెతోట’ అన్న మాటను జనంలోకి తీసుకెళ్లిన కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గురించి పేపర్లో చదివి, తనూ మొదలుపెట్టింది. మా అపార్ట్‌మెంట్ పైన పదిహేను కుండీలు. అదే అమ్మ పెరడు.

శివరాత్రి వెళ్లింది. చలీ వెళ్లింది. పగలు ఎండ ముదిరి, రాత్రిళ్లు కూడా వేడి తగ్గకపోతే టమాటా పూత నిలవదు, రాలిపోతుంది. దానికి తోడు, ‘పైకప్పుకు వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తున్నాం, ఉగాదిలోపు కుండీలు తీసేయండి’ అని అసోసియేషన్ నోటీసు. అమ్మ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే బుట్ట పట్టుకుని పైకెళ్లింది. పచ్చి టమాటాలు, ముదురు వంకాయలు, ముడతలుపడ్డ క్యాప్సికం, టబ్బులోంచి తవ్విన నాలుగు కందగడ్డలు తెచ్చింది. అదేనండీ, మీలో కొందరు చిలగడదుంప అనీ, గెనుసుగడ్డ అనీ అంటారే, అవే.

‘‘వీటితో ఏం కూరొస్తుందమ్మా?’’ అనేసి నాలుక్కరుచుకున్నాను.

‘‘పొయ్యిల నిప్పులుంటే చూపెట్టేదాన్ని బిడ్డా!’’ అంది.

అప్పుడు వెలిగింది. నిప్పుల సెగ చేసే పని ఓవెన్ చేయదా? నీరు ఇగిరితే చప్పటి కాయకైనా రుచి వస్తుంది. చివరి కాపుకి కావాల్సింది అదే.

ఇదిగో, ఆ ఆదివారం మేం చేసింది. నలుగురికి సరిపోతుంది.

ముందు కందగడ్డలు. కడిగి తుడిచి, ఫోర్కుతో నాలుగు గాట్లు పెట్టి, చల్లటి ఓవెన్‌లోనే ఉంచి 200 డిగ్రీలకు తిప్పండి. గడ్డ నెమ్మదిగా వేడెక్కుతున్నప్పుడు అందులోని ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. మైక్రోవేవ్‌లో గబగబా ఉడికించిన గడ్డకు ఆ తీపి రాదు.

ఈలోగా అరకిలో వంకాయలు నిలువునా చీల్చండి. ఆఖరి కాపు కదా, లోపల పురుగు తప్పక చూసుకోవాలి. పావుకిలో పచ్చి టమాటాలు, రెండు క్యాప్సికం ముక్కలు, ఓ పెద్ద ఉల్లిపాయ, పొట్టు తీయని వెల్లుల్లి పది రెబ్బలు, గాటుపెట్టిన పచ్చిమిర్చి ఆరు ట్రేలో పరిచి రెండు చెంచాల నూనె, ఉప్పు పట్టించండి. గడ్డలు పెట్టిన ఇరవై నిమిషాలకు ఈ ట్రే లోపలికి. మరో నలభై నిమిషాలకు రెండూ తయారు. చివరి ఐదు నిమిషాలు పై కాయిల్ ఒక్కటే ఉంచితే వంకాయ తొక్క నల్లబడి, నిప్పుల మీద కాల్చిన వాసన కొంచెమైనా వస్తుంది.

వెల్లుల్లి పొట్టు తీసేసి, వేయించిన నువ్వులపొడి రెండు చెంచాలు, జీలకర్ర, కొత్తిమీర వేసి అన్నీ చేత్తోనే మెదపండి. మిక్సీ వద్దు. పచ్చి టమాటా పులుపుంది కాబట్టి చింతపండు అక్కర్లేదు. జొన్నరొట్టె, ఈ పచ్చడి, పెరుగు, పక్కన కందగడ్డ. భోజనం సిద్ధం!

కరెంటు బిల్లు గురించా? 1500 వాట్ల ఓవెన్ ఆగకుండా గంట పనిచేస్తే ఒకటిన్నర యూనిట్లు. వేడి సరిపోగానే మధ్యమధ్యలో ఆగుతుంది కాబట్టి అంతకూడా కాదు. మైక్రోవేవ్ మాత్రమే ఉన్నవాళ్లు కన్వెక్షన్ ఉంటేనే ప్రయత్నించండి. మామూలు మైక్రోవేవ్‌లో కాయ ఉడుకుతుందే తప్ప కాలదు.

ఆ గంటసేపూ అమ్మ ఓవెన్ ముందు స్టూలేసుకుని కూర్చుంది. పక్కనే పాప. ‘‘ఇది మన కుంపటే కదా బిడ్డా... మీరు అద్దం పెట్టిన్రు, గంతే!’’ అని నవ్వింది. నోటీసు వచ్చాక అమ్మ నవ్వడం అదే మొదటిసారి.

అన్నట్టు, బుట్టలో ఒక పసుపురంగు తిరిగిన వంకాయను మాత్రం అమ్మ ట్రేలో వేయనివ్వలేదు. విత్తనానికట. గింజలు కడిగి, నీడన ఆరబెట్టి, పొట్లం కట్టి, పైన ‘మృగశిర’ అని పాపతో రాయించింది. అప్పటికి పైకప్పు పని అయిపోతుంది. కుండీలు మళ్లీ పైకెక్కించే పూచీ నాది.