సెంజికోటకు సైకిలు యాత్ర

గడచిన నెల మన సంఘ కార్యవర్గ సమావేశమున ఒక చిన్న విషయముపై పెద్ద చర్చ జరిగినది. యువజన శాఖవారు ఇరువదిమంది బాలబాలికలను గేరు సైకిళ్ళపై సెంజికోటకును, దాని చుట్టుప్రక్కల గ్రామములకును మూడు దినముల యాత్రకు గొనిపోవుటకై సంఘ నిధినుండి కొంత ధనము కోరిరి. పెద్దలలో పలువురు తల అడ్డముగా త్రిప్పిరి. "శనివారపు తెలుగు తరగతి ఉపాధ్యాయునకు జీతమిచ్చుటకే నిధి చాలకుండగా సైకిలు షికార్లకు డబ్బెక్కడిది?" అని ఒకరనిరి. "మన పెద్దలు గతిలేక త్రొక్కిన సైకిలును మన పిల్లలు ముప్పదివేలు పోసి కొని త్రొక్కుదురా?" అని మరియొకరనగా సభ నవ్వినది. మేమును నవ్వితిమి. ఇంటికి వచ్చి ఆలోచింపగా ఆ నవ్వు తగినది కాదని తోచినది. అందుచేత ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గతిలేక త్రొక్కిన సైకిలు మాట మాకు బాగుగా తెలియును. మా తండ్రిగారు హెర్క్యులిస్ సైకిలు వెనుక బట్టల మూట కట్టుకొని సెంజి ప్రాంతపు గ్రామములలో చీరలు, పంచెలు అరువునకు ఇచ్చి కోతల తరువాత బాకీలు వసూలు చేసెడివారు. సెలవులలో మమ్ములను ముందరి కడ్డీపై కూర్చుండబెట్టుకొని పోయెడివారు. ఏ ఊర తెలుగు మాటాడు కుటుంబములు గలవో, ఏ ఇంట మజ్జిగ దొరకునో, ఏ చెరువు కట్టపై బండి నడచునో వారికి కంఠస్థము. ఆ జ్ఞానము మాకు సగము వచ్చినది. మా పిల్లలకు ఏమియు రాలేదు. వారు సెంజిని తిరువణ్ణామలై పోవు కారు కిటికీనుండి చూచినవారు. కొండ కనబడును, కోట కనబడును, రెండు నిమిషములలో రెండును వెనుకబడును.

ఇప్పటి కొండ సైకిలు అప్పటి సైకిలు వంటిది కాదు. వెడల్పు టైర్లు, ముందు చక్రమునకు అదురు నాపు స్ప్రింగులు, ఎక్కుడు వచ్చినప్పుడు గొలుసును వెనుకనున్న పెద్ద పండ్ల చక్రముపైకి మార్చు గేర్లు ఉండును. మట్టిదారిలో టైర్లలో గాలి కొంచెము తగ్గించినచో పట్టు హెచ్చును. ఈ సౌకర్యమంతయు తారురోడ్డునకు వృథా. తిండివనము నుండి సెంజికి రహదారిపై 28 కిలోమీటర్లు. ఆ దారిని లారీలకును బస్సులకును విడిచి, చెరువు కట్టలు, తాటితోపులు, వేరుసెనగ చేల గట్లు పట్టిపోవుటయే ఈ సైకిలునకు తగిన పని. ఒక్కటి మాత్రము మరువరాదు. సీమతుమ్మ ముల్లు ఎంత ఖరీదు టైరునైనను లెక్కచేయదు. పంక్చరు వేయుట నేర్వని పిల్లవానిని యాత్రకు చేర్చుకొనరాదని మా మొదటి సలహా.

త్రోవలో చూడదగినవి కోట ఒక్కటే కాదు. మేల్‌చిత్తామూరున తమిళ జైనుల మఠము, పార్శ్వనాథాలయము ఉన్నవి. తమిళమే మాతృభాషగా గల జైనులు ఇన్ని శతాబ్దములుగా ఈ పల్లెలలో సేద్యము చేసికొనుచున్నారని మన పిల్లలలో ఎందరికి తెలియును? సెంజికి ఉత్తరమున తిరునాథర్‌కుండ్రుపై ఒకే బండమీద ఇరువదినలుగురు తీర్థంకరులు చెక్కబడియున్నారు. అచ్చటనే 57 దినములు నిరాహారుడై దేహము చాలించిన చంద్రనంది యను జైన మునిని గూర్చిన ప్రాచీన తమిళ శాసనము కలదు. దగ్గరనే సింగవరమున కొండను తొలిచి మలచిన శయన రంగనాథుడు ఉన్నాడు. దక్షిణముగా పోయినచో మండగపట్టు. ఇటుక, కఱ్ఱ, లోహము, సున్నము లేక బ్రహ్మ విష్ణు మహేశ్వరులకు ఆలయము చేయించితినని పల్లవ మహేంద్రవర్మ శాసనము వ్రాయించిన గుహ అది. పనమలైలో రాజసింహ పల్లవుని శివాలయమున, గోడపై, పార్వతీదేవి వర్ణచిత్రము నేటికిని మిగిలియున్నది. ఈ ఊళ్ళ నడుమ దూరములు సైకిలునకు సరిగా సరిపోవును. కాలినడకకు ఎక్కువ, కారునకు మరీ తక్కువ.

ఇక కోట. రాజగిరి, కృష్ణగిరి, చంద్రగిరి యను మూడు కొండలను కలుపుచు ఇంచుమించు 13 కిలోమీటర్ల ప్రాకారము ఉన్నది. రాజగిరి శిఖరమునకు చేరబోవు చోట సహజముగా ఏర్పడిన లోతైన చీలిక అడ్డుపడును. దానిపై ఒక చిన్న వంతెన వేసి, దానిని తొలగించినచో పైనున్న కొద్దిమంది క్రింది సైన్యమునంతటిని నిలువరింపగలుగునట్లు చేసికొనిరి. ఔరంగజేబు సేనాని జుల్ఫికర్ ఖాను ఈ కోటముందు 1690 మొదలు 1698 వరకు పడిగాపులు పడెను. ఛత్రపతి రాజారాము లోపలినుండి తప్పించుకొని పోయిన పిదపగాని కోట చేజిక్కలేదు.

ఇచ్చటనే మన సంఘమున ఒక చిక్కు పుట్టినది. 2025 జూలైలో యునెస్కో సెంజిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. మరాఠా సైనిక దుర్గముల పేరిట చేర్చిన 12 కోటలలో 11 మహారాష్ట్రలోనివి, తమిళనాటిది సెంజి యొక్కటే. నాటినుండి మనవారిలో కొందరు నొచ్చుకొనియున్నారు. "తుపాకుల కృష్ణప్ప నాయకుని మాటేమి? వేంకటరమణాలయము కట్టించిన ముత్యాలు నాయకుని మాటేమి?" అని ప్రశ్నించుచున్నారు. యువజన శాఖలోని ఒకరు యాత్రకు "మన కోట యాత్ర" అని పేరుంచి పతాకము కూడ వ్రాయించిరట.

ఈ పేరు మాకు సమ్మతము కాదు. నాయకుల కాలమున ఆ కోట పెరిగి పెద్దదైనది నిజము. ధాన్యపు కొట్టులు, కల్యాణ మహలు వారి కాలపువే యని చరిత్రకారులు చెప్పుదురు. కాని వారికి ముందు కోనారులు అచ్చట కోట కట్టిరి. 1649 ప్రాంతమున బిజాపూరువారు, 1677లో శివాజీ, ఆపై మొగలులు, 1750లో ఫ్రెంచివారు, 1761లో ఆంగ్లేయులు దానిని పట్టుకొనిరి. ఆ గ్రామములవారి నాలుకపై నిలిచినవాడు వీరిలో ఎవ్వడును కాడు. ఇరువదిరెండేండ్ల ప్రాయమున 1714లో ఆర్కాటు నవాబుతో పోరి చచ్చిన బుందేలా రాజపుత్రుడు తేజసింగు, అనగా దేశింగురాజు, వారి వీరుడు. అతనితో ప్రాణమిచ్చిన స్నేహితుడు మహమ్మదీయుడు. ఎక్కడి బుందేల్‌ఖండము, ఎక్కడి సెంజి! ఆ బాలుని కథను తమిళ పల్లెలవారు మూడువందల యేండ్లుగా పాడుకొనుచున్నారు. ఆ పల్లెలోనికి "మన కోట" అను పతాకముతో పోయినచో మజ్జిగ యిచ్చు అవ్వ ఏమనుకొనును? మా తండ్రిగారికి ఆ ఊళ్ళు అరువుపై నమ్మకముంచినవి. ఆ నమ్మకమును ఒక గుడ్డముక్కకు అమ్ముకొనుటకు మేము ఒప్పుకొనము.

ముత్యాలు నాయకుని ఆలయము సంగతి పిల్లలకు తప్పక చెప్పవలయును. ఫ్రెంచివారు సెంజినుండి పుదుచ్చేరికి తరలించిన శిలాస్తంభములు నేడు సముద్రతీరమున గాంధీ విగ్రహము చుట్టును నిలిచియున్నవి. వాటి ప్రక్కన ఐసుక్రీము తినుచు ఫోటో తీయించుకొనని మన కుటుంబము లేదు. అవి ఏ ఊరి స్తంభములో తెలిసిన కుటుంబమును మేము ఇంకను చూడలేదు.

మరియొక మాట చెప్పుటకు సిగ్గుపడుచున్నాము. ఉన్నత పాఠశాలలో చదువునప్పుడు మేము మిత్రులతో కోటకు పోయి కల్యాణ మహలు గోడపై మేకుతో మా పేరు గీచితిమి. అదియు తెలుగు లిపిలో గీచి, భాషాసేవ చేసితిమని మురిసితిమి. రెండేండ్ల క్రిందట వెదకగా ఆ అక్షరములు అట్లే యున్నవి. మా చిన్న కుమార్తె కూడబలుక్కొని వాటిని చదివి, "నాన్నా, ఇది నీ పేరు కాదా?" అని అడిగెను. మేము బదులు చెప్పలేదు. కనుక ప్రాకారము లోపలికి సైకిళ్ళు పోరాదు. కొండ సైకిలుతో మెట్లపైనుండి దూకుచు క్రిందికి దిగుట ఇప్పటి కుర్రవారికి సరదా యని విన్నాము. ఆ సరదా క్వారీ దిబ్బలపై తీర్చుకొనవచ్చును. ద్వారమువద్ద సైకిళ్ళు తాళము వేసి, రాజగిరిని కాలినడకనే ఎక్కవలయును. కోతులున్నవి గనుక తినుబండారములు సంచిలో మూసియుంచవలయును.

నిధి విషయము. తెలుగు తరగతికి ఇచ్చు ధనములో పైసా తగ్గింపుమని మేము అడుగుట లేదు. కాని ఆ తరగతిలో ఏమి జరుగుచున్నదో పెద్దలు ఒక శనివారము వచ్చి చూడవలయును. గుణింతములు పూర్తియైన పిదప పిల్లలకు వ్రాయుటకు విషయము లేదు. నాలుగేండ్లుగా వారు "ఆవు" మీదనే వ్యాసము వ్రాయుచున్నారు. ఈ యాత్రలో ప్రతి పిల్లవాడును దినమునకు ఒక పుట తాను చూచినది తెలుగున వ్రాయవలెనని నియమము పెట్టుదము. తప్పులున్నను సరే. ఆ వ్రాతలు ఈ పత్రికలో అచ్చువేయుటకు సంపాదకులు అంగీకరించిరి. తమిళులైన తోటి విద్యార్థులు రాదలచినచో వారిని కూడ చేర్చుకొనవలయును. దేశింగురాజు పాట మన పిల్లలకు వారు నేర్పుదురు.

కాలము జనవరి చివరి వారమైనచో మేలు. కాణుం పొంగలునాడు కోటలో నిలువ చోటుండదు. మార్చి దాటినచో ఆ బండల వేడి పెద్దలకే ఓర్వరానిది. ఆడపిల్లలతో ఇద్దరు తల్లులు వెనుక వ్యానులో రావలయును. వ్యాను ఖర్చును, పంక్చరు సామానును మా దుకాణము భరించును. మా తండ్రిగారి హెర్క్యులిస్ ఇంకను దుకాణము వెనుక ఉన్నది. గొలుసు మార్పించితిమి. గేర్లు లేవు గనుక ఎక్కుడు వచ్చినచోట దిగి నడిపించుకొని, మేమును పిల్లల వెనుక వచ్చెదము.