పక్క కుర్చీ విలువెంత?

నెల్లూరు తీరంలో దుగరాజపట్నం అనే ఊరుంది. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. నావికుల పటాల్లో ఆ ప్రాంతం పేరు ఆర్మగాన్. వినడానికి ఇంగ్లిషు పేరులా ఉంటుంది కానీ అది మన ఊరి మనిషి పేరే. 1626 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ వర్తకులు బట్టల కొనుగోలుకని ఇక్కడ కోఠీ పెట్టుకోవాలనుకున్నారు. వాళ్లకు భాష రాదు. ఎవరిని అడిగితే స్థలం దొరుకుతుందో తెలియదు. అప్పుడు అండగా నిలిచినవాడు ఊరి వ్యవహారాలన్నీ ఎరిగిన ఆర్ముగ మొదలియార్. ఆ కృతజ్ఞతతోనే కోఠీకి ఆయన పేరు పెట్టారంటారు.

పని చక్కబెట్టిన సహాయకుడి పేరు ఒక రేవుకు పెట్టడం అరుదైన సంగతే. సాధారణంగా జరిగేది వేరు. పని ఒకరిది, పేరు మరొకరిది!

ఇదే ఆర్మగాన్‌లో కంపెనీ వ్యవహారాలు చూసిన ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు స్థలం సంపాదించాడు. ఆ సంగతి పాఠ్యపుస్తకాల్లో ఉంది. అటు నాయక రాజులకూ ఇటు దొరలకూ మధ్య మాట కుదిర్చిన తెలుగు దుబాషీ బేరి తిమ్మన్న పేరు ఎంతమందికి తెలుసు?

కావలి సోదరుల కథ ఇంకా బాధ కలిగిస్తుంది. మన ఊళ్ల చరిత్రలు చెప్పే కైఫీయతులను సేకరించింది కర్నల్ మెకంజీ అని అందరికీ తెలుసు. ఆ దొరకు తెలుగు రాదు. 1796 నుంచి ఆయనకు కుడిభుజమైనవాడు ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య. తనకు ఈ దేశపు విజ్ఞానంలోకి తలుపు తెరిచింది బొర్రయ్యేనని మెకంజీ స్వయంగా రాసుకున్నాడు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యత నెత్తిన వేసుకుని, ఊరూరికీ మనుషులను పంపి కైఫీయతులు రాయించాడు. 1821లో మెకంజీ పోయాక, మిగిలిన పని తాను పూర్తి చేస్తానని ముందుకొచ్చాడు. ఆ గుట్టలకొద్దీ కాగితాల్లో ఏది ఎక్కడుందో ఆయనకంటే తెలిసినవాళ్లు ఎవరున్నారు? అయినా 1830లలో కలకత్తా పెద్దలు ఒప్పుకోలేదు. సహాయకుడిగా పనికొస్తాడు గానీ పెద్దరికం అప్పగించలేమన్నారు.

ఈ మాట పాతదే కానీ ఈ ధోరణి పాతబడలేదు. ‘పీఏనే కదా’, ‘గుమాస్తా ఉద్యోగమే కదా’ అనే మాట ఆఫీసుల్లోనూ వినిపిస్తుంది, పెళ్లి సంబంధాల దగ్గరా వినిపిస్తుంది.

మరి ఆ పక్క కుర్చీలో జరిగేదేమిటి? తుపాను హెచ్చరిక వచ్చిందనుకోండి. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు మండలాలకు కబురు వెళ్లాలి. కలెక్టర్లు రెండు మూడేళ్లకు మారిపోతుంటారు. ఏళ్ల తరబడి ఉండేది పేషీ సిబ్బందే. పోయినసారి ఏ ఊరి దారి తెగిందో, ఏ అధికారి ఫోన్ అర్ధరాత్రయినా ఎత్తుతారో గుర్తుండేది వాళ్లకే. కృష్ణపట్నం లాంటి రేవులో ఓడ ఒక్కరోజు అదనంగా నిలిచినా డెమరేజీ భారం పడుతుంది. మేనేజరు బల్లమీదికి వచ్చిన పది కాగితాల్లో ముందు ఏది సంతకం కావాలో గుర్తుపట్టే మనిషి ఆ నష్టాన్ని ఆపగలడు. దీన్ని టైపు పని అనగలమా? ఇది వివేకం.

ఈ విలువ తెలిసిన పెద్దలూ ఉన్నారు. శ్రీహరికోట నుంచి 1980లో ఎస్‌ఎల్‌వీ-3ని విజయవంతంగా పంపిన అబ్దుల్ కలాం తర్వాత రాష్ట్రపతి అయ్యారు. పదవి వచ్చినా పోయినా ఆయన వెంట రెండు దశాబ్దాలకు పైగా ప్రైవేటు కార్యదర్శిగా ఉన్నది హ్యారీ షెరిడన్. ఇస్రో కూడా సైంటిస్టులతోపాటు అసిస్టెంట్లనూ జూనియర్ పర్సనల్ అసిస్టెంట్లనూ దేశవ్యాప్తంగా పరీక్ష పెట్టి ఎంచుకుంటోంది.

ఇప్పుడు కంప్యూటరే ఉత్తరం రాసేస్తోంది, మీటింగు తేదీలూ కుదిర్చేస్తోంది. ఇక ఈ ఉద్యోగాలెందుకనే ప్రశ్న వినిపిస్తోంది. యంత్రం తేదీ కుదురుస్తుంది. కానీ ఇద్దరు అధికారులకు పొసగడం లేదని, ఈ విషయం ఇవాళ కాక రేపు చెబితేనే మంచిదని దానికెవరు చెబుతారు? టైపు పని తగ్గేకొద్దీ మిగిలేది ఇలాంటి వివేకమే. ఖర్చు తగ్గుతుందని ఆ కుర్చీ తీసేస్తే, దాంతోపాటు ఆఫీసు జ్ఞాపకశక్తి కూడా బయటికి పోతుంది.

అమెరికాలో 1952 నుంచి ఏటా వీరి కోసం ఒక వారం జరుపుతున్నారు. పువ్వులిస్తారు, విందులిస్తారు. మంచిదే. కానీ పువ్వులు సాయంత్రానికి వాడిపోతాయి. అంతకంటే కావలసినవి కొన్నున్నాయి. నిర్ణయం జరిగే మీటింగులో వారికీ ఒక చోటు ఉండాలి. ‘నువ్వేమంటావమ్మా?’ అని ఒక్కమాట అడగాలి. కొత్త పని నేర్చుకునే వీలు, పైమెట్టు ఎక్కే దారి చూపాలి. సొంత ఇంటి పనులు పురమాయించడం మానాలి. పని సఫలమైనప్పుడు నలుగురిలో వారి పేరు చెప్పాలి. ఇందులో పెద్ద ఖర్చు ఏముంది?

ఆ కుర్చీలో కూర్చున్నవారూ ఒకటి గుర్తుంచుకోవాలి. చెప్పింది చేయడం సగం పని. చెప్పకముందే గ్రహించడం, విన్నది కడుపులో దాచుకోవడం మిగతా సగం. ఆ సగంతోనే పీఏ కుడిభుజమవుతాడు.

లక్ష్మయ్యకు పని అప్పగించకపోవడం వల్ల ఆయన ఒక్కడే నష్టపోలేదు. ఆ కాగితాలను అంతగా ఎరిగిన మనిషి చేయి మన చరిత్రకూ దూరమైంది.