తాళంచెవి ఎవరి చేతిలో?

2024 జూలై 19, శుక్రవారం. రాజేంద్రనగర్‌కు దక్షిణాన ఉన్న శంషాబాద్ విమానాశ్రయంలో ఆనాడు ఒక వింత దృశ్యం కనిపించింది. ప్రయాణికుల వివరాలు నమోదుచేసే కంప్యూటర్ వ్యవస్థలు స్తంభించిపోగా, విమానయాన సంస్థల సిబ్బంది పేర్లను, ఆసనాల సంఖ్యలను కాగితాలపై కలంతో వ్రాసి బోర్డింగ్ పాసులుగా ఇచ్చారు. 2008 మార్చిలో ప్రారంభమై, నగర ఆధునికతకు ప్రతీకగా నిలిచిన ఆ విమానాశ్రయం కొన్ని గంటలపాటు కాగితాన్నీ కలాన్నీ ఆశ్రయించవలసి వచ్చింది.

ఆ రోజు ప్రపంచమంతటా విమానాశ్రయాలను, ఆసుపత్రులను, బ్యాంకులను కుదిపివేసిన సంక్షోభానికి మూలం శత్రువుల దాడి కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా భద్రతా సంస్థ పంపిన ఒక చిన్న అప్‌డేట్. భారత కాలమానం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు దానిని విడుదల చేశారు. లోపాన్ని గుర్తించి 78 నిమిషాలలో ఉపసంహరించుకున్నారు. అంతలోనే సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఆ యంత్రాల యజమానులు ఏ మీటా నొక్కలేదు, ఏ తప్పూ చేయలేదు. కాపలాగా నియమించిన సాఫ్ట్‌వేరే చేటు తెచ్చింది. కంచే చేను మేసిందంటే ఇదే.

ఈ సంఘటన ఒక మౌలికమైన ప్రశ్నను ముందుకు తెచ్చింది. డబ్బు చెల్లించి కొనుక్కున్న యంత్రంపై చివరి అధికారం ఎవరిది? కొన్నవారిదా, తయారుచేసినవారిదా? విమానాశ్రయానికి ఎదురైన ఈ ప్రశ్నే నేడు ప్రతి విద్యార్థి జేబులోని ఫోనుకూ వర్తిస్తుంది.

పూర్వకాలపు వస్తువులకు ఈ చిక్కు లేదు. ఒకసారి అంగడి దాటిన గడియారం, కుట్టుమిషను, రేడియో కొన్నవాని సొత్తే. చెడితే వీధి చివరి పనివాడు విప్పి బాగుచేసేవాడు. వాటిని తయారుచేసినవాడు తిరిగి ఆ ఇంట అడుగుపెట్టే అవసరం ఉండేది కాదు. స్మార్ట్‌ఫోన్ ఈ సంప్రదాయాన్ని తలక్రిందులు చేసింది. వస్తువు కొన్నవాని చేతికి వస్తుంది, తాళంచెవి మాత్రం తయారీదారు వద్దనే ఉండిపోతుంది.

ఈ ధోరణి స్మార్ట్‌ఫోన్ తొలినాళ్ళలోనే బయటపడింది. 2007 జూన్‌లో అమెరికాలో ఐఫోన్ అమ్మకాలు మొదలయ్యాయి. వేరే టెలిఫోన్ సంస్థల సేవలు వాడుకోవడానికి కొందరు దాని తాళాన్ని విప్పుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరులో ఆపిల్ సంస్థ విడుదల చేసిన అప్‌డేట్‌తో అట్టి ఫోన్లు అనేకం పనికిరాకుండా పోయాయి. 2008 జూలైలో ఆ సంస్థ సుమారు 500 యాప్‌లతో యాప్ స్టోర్‌ను తెరిచింది. ఫోనులో ఏది ఉండవచ్చునో, ఏది ఉండరాదో నిర్ణయించే అధికారం ఆ ద్వారం వద్ద నిలిచింది. కొన్నవారి ఫోను నుండి ఒక యాప్‌ను దూరం నుండే తొలగించే సదుపాయం తమ వద్ద ఉన్నదని 2008 ఆగస్టులో సంస్థ అధిపతి స్టీవ్ జాబ్స్ అంగీకరించారు. దానిని వాడే అవసరం రాకూడదని ఆశిస్తున్నామని, అయితే అది లేకపోవడం బాధ్యతారాహిత్యమవుతుందని ఆయన సమర్థించుకున్నారు. 2009 జూలైలో అమెజాన్ సంస్థ కిండిల్ అనే పఠన పరికరాల నుండి జార్జ్ ఆర్వెల్ నవలలను కొన్నవారికి చెప్పకుండానే తొలగించి, ఆ తరువాత క్షమాపణ చెప్పుకున్నది. డబ్బిచ్చి కొన్న పుస్తకం అలమరలో నుండి మాయమైనట్లే అది.

తెలుగువారికి ఈ విషయం మరింత సన్నిహితమైనది. తొలినాటి స్మార్ట్‌ఫోన్లలో అనేకం తెలుగు అక్షరాలకు బదులుగా ఖాళీ గడులను చూపేవి. ఆండ్రాయిడ్ వ్యవస్థ మూలాన్ని గూగుల్ రూపొందించినా, దానిని తమ ఫోన్లకు అనువుగా మార్చి అందించవలసినది ఆయా తయారీదారులే. 2014లో వెలువడిన ఆండ్రాయిడ్ 5.0లో తెలుగు కూడా ఫోను భాషలలో ఒకటిగా చేరింది. కాని తయారీదారు దయతలచి ఆ అప్‌డేట్‌ను పంపిన ఫోన్లకే ఆ భాగ్యం దక్కింది. తక్కినవారు తమ మాతృభాషను ఫోనులో చూడాలంటే కొత్త ఫోను కొనుక్కోవలసిన స్థితి ఏర్పడింది.

2018 ఫిబ్రవరిలో ఇంకొక వింత జరిగింది. తెలుగులోని 'జ్ఞా' అనే అక్షరంలో, కంటికి కనిపించని ఒక సంకేతం దీర్ఘానికి ముందు చేరినప్పుడు, దానిని ప్రదర్శించలేక ఐఫోన్లలోని యాప్‌లు మూతపడ్డాయి. కొన్ని సందర్భాలలో మొత్తం ఫోనే మొరాయించింది. ఆ అక్షరాన్ని ఇతరులకు పంపి ఆటపట్టించినవారు కూడా ఉన్నారు. వేల సంవత్సరాల వాఙ్మయంలో జ్ఞానానికి ఆది అయిన అక్షరం యంత్రానికి గండమైంది. ఆ నెల 19న ఆపిల్ సంస్థ 11.2.6 అనే అప్‌డేట్‌ను విడుదల చేసి ఆ లోపాన్ని సవరించింది. అంతవరకు తెలుగు పండితుడైనా, సాంకేతిక నిపుణుడైనా తన ఫోనును తాను బాగుచేసుకోగలిగే వీలు లేకపోయింది. రోగమూ, మందూ ఒకే ఇంటిలో ఉన్నాయి.

అట్లని అప్‌డేట్‌లనే నిందించడం న్యాయం కాదు. యంత్రంలోని లోపాలను దొంగలు కనిపెట్టకముందే తయారీదారు పూడ్చివేయడం అవసరం. 2011 మార్చిలో వ్యక్తిగత సమాచారాన్ని కాజేసే యాప్‌లు ఆండ్రాయిడ్ ఫోన్లలో చొరబడినప్పుడు, గూగుల్ వాటిని దూరం నుండే తొలగించి వినియోగదారులను కాపాడింది. ప్రతి ఒక్కరూ ప్రమాదాన్ని గ్రహించి, తామే స్పందించేవరకు ఆగి ఉంటే నష్టం మరింత పెరిగేది. కనుక అప్‌డేట్ చెడ్డది కాదు. తెలియపరచని అప్‌డేట్, తిరస్కరించే అవకాశం లేని అప్‌డేట్, జవాబుదారీతనం లేని అధికారం – ఇవే చెడ్డవి.

ఈ భేదాన్ని ఫ్రాన్సు దేశపు ఉదంతం చక్కగా వివరిస్తుంది. పాతబడిన బ్యాటరీల కారణంగా ఫోన్లు అకస్మాత్తుగా ఆగిపోకుండా, ఆపిల్ సంస్థ 2017లో ఒక అప్‌డేట్ ద్వారా వాటి వేగాన్ని తగ్గించింది. ఈ సంగతిని ఆ ఏడాది డిసెంబరులో గాని అంగీకరించలేదు. ఈలోగా ఫోను ముసలిదైందని భావించి కొత్తది కొన్నవారున్నారు. 2020 ఫిబ్రవరిలో ఫ్రాన్సు అధికారులు ఆ సంస్థకు రెండున్నర కోట్ల యూరోల జరిమానా విధించారు. వేగం తగ్గుతుందని కొన్నవారికి చెప్పకపోవడమే అక్కడ నేరమైంది.

ఇట్టి సమస్యకు పరిష్కార సూత్రం కోసం విదేశాలకే పోనవసరం లేదు. వ్యవసాయ విశ్వవిద్యాలయం కొలువైన రాజేంద్రనగర్ పొలాలలోనే అది దొరుకుతుంది. 'తెలంగాణ సోనా'గా ప్రసిద్ధమైన వరి వంగడం ఆర్.ఎన్.ఆర్. 15048 అక్కడ రూపుదిద్దుకున్నదే. దాని పేరులోని మూడక్షరాలు రాజేంద్రనగర్‌నే సూచిస్తాయి. వంగడాన్ని సృష్టించినవాడు శాస్త్రవేత్త, దానిని పండించేవాడు రైతు. ఈ ఇద్దరి హక్కులనూ గుర్తించిన చట్టం 2001లో భారత పార్లమెంటు ఆమోదించిన మొక్కల రకాలు, రైతుల హక్కుల పరిరక్షణ చట్టం. నూతన వంగడాన్ని రూపొందించినవారికి అది రక్షణ కల్పించింది. అదే సమయంలో తన పంట నుండి విత్తనం దాచుకోవడానికీ, తిరిగి విత్తుకోవడానికీ, తోటి రైతుతో పంచుకోవడానికీ రైతుకు గల హక్కును నిలిపింది. సృష్టికర్త శ్రమకు గౌరవం, కొన్నవాని స్వేచ్ఛకు భద్రత – రెండూ ఒకే చట్టంలో ఇమిడాయి. విత్తనం విషయంలో సాధ్యమైనది ఫోను విషయంలో అసాధ్యం కానక్కరలేదు.

ఆ దిశగా కొన్ని అడుగులు పడ్డాయి. ఆండ్రాయిడ్ విషయంలో తన ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసినందుకు భారత కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఆ ఏడాది డిసెంబరులోనే కేంద్ర ప్రభుత్వం మరమ్మతు హక్కుకు సంబంధించిన పోర్టల్‌ను ప్రారంభించింది. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుండి వర్తించిన నిబంధనల ప్రకారం, ఒక రకం ఫోను అమ్మకాలు ముగిసిన తరువాత కూడా కనీసం అయిదేళ్ళపాటు దానికి అప్‌డేట్‌లు లభించాలి. ఇట్టి గడువు భారతీయ వినియోగదారునికి కూడా చట్టబద్ధంగా దక్కాలి. అప్పు చేసి ఫోను కొన్న పేదవాడు, వాయిదాలు తీరకముందే అది పాతబడిందనే మాట వినకూడదు.

ప్రతి అప్‌డేట్ దేనిని మార్చుతున్నదో మాతృభాషలో, సరళంగా తెలియజేయాలి. భద్రతకు సంబంధించిన సవరణలను అలంకారప్రాయమైన మార్పులతో ముడిపెట్టరాదు. మార్పు నచ్చనప్పుడు పూర్వస్థితికి మరలే మార్గం ఉండాలి. తయారీదారు విడిచిపెట్టిన ఫోనును ఇతరులు బాగుచేసుకొనే వీలు ఉండాలి. ఇవి తయారీదారును శిక్షించే షరతులు కావు, నమ్మకాన్ని నిలబెట్టే మర్యాదలు.

చట్టం ఎంత గట్టిదైనా వినియోగదారుని అజాగ్రత్తను పూడ్చలేదు. పుటల కొలది నిబంధనలను చదవకుండానే 'అంగీకరిస్తున్నాను' అన్న చోట వేలు మోపడం నేటి యువతకు అలవాటైంది. ఇంటి పత్రంపై ఎవరూ చదవకుండా సంతకం చేయరు. ఫోను కూడా నేడు ఇల్లు వంటిదే. అందులో డబ్బు ఉన్నది, బంధుమిత్రుల మాటలున్నవి, చదువున్నది. అరచేతిలో వైకుంఠం చూపే ఆ యంత్రానికి తాళంచెవి ఎవరి వద్ద ఉన్నదో విచారించడం విద్యార్థి ధర్మం. అడిగేవారున్నప్పుడే చెప్పవలసిన బాధ్యత ఎదుటివారికి ఏర్పడుతుంది.