సెల్లు కారింది, సెట్టు పోలేదు

సెల్లు కారిందంటే వస్తువు పోయినట్టేనని మన దగ్గర ఎంత సులువుగా తేల్చేస్తారో తెలియాలంటే దిల్‌సుఖ్‌నగర్‌లో ఏదో ఒక రిపేరు కౌంటర్ దగ్గర కాసేపు నిలబడితే చాలు. రిమోటో, గోడగడియారమో, బీపీ మిషనో బల్ల మీదికి వస్తుంది. కుర్రాడు వెనక మూత తీసి, లోపల తెల్లటి పొడి చూసి, వెంటనే మూసేస్తాడు. "యాసిడ్ కారింది సార్, బోర్డు పోయుంటది. కొత్తది తీస్కోండి." బోర్డు అతను చూడనే లేదు. చూడాలంటే నాలుగు స్క్రూలు విప్పాలి.

ఆ మాటలో రెండు తప్పులున్నాయి. పోయింది చాలాసార్లు బోర్డు కాదు. కారింది చాలాసార్లు యాసిడ్ కూడా కాదు.

సెల్లు కూర్చునే గది వేరు, బోర్డు వేరు. రెండింటికీ మధ్య ఉండేవి రెండు వైర్లో, రేకులో. కారిన రసం ఎక్కువగా మైనస్ వైపు స్ప్రింగు మీదే పేరుకుని గడ్డకడుతుంది. కరెంటుకు అడ్డుపడేది ఆ పొరే. ఇత్తడి చెంబుకు చిలుం పడితే చింతపండేసి తోముకుంటాం తప్ప చెంబును పాతసామానుకు వెయ్యం కదా, ఇక్కడ చెయ్యాల్సిందీ అలాంటిదే.

అబ్దుల్లాపూర్‌మెట్‌లో మా వీధి పెద్దాయన బీపీ మిషను ఇలాగే పారేయబోతుంటే విప్పి చూశాం. నాలుగు పెన్సిల్ సెల్లు, ఆల్కలైన్ రకం. ఒకదాని అడుగు ఉబ్బి పగిలింది. దాని కింది స్ప్రింగు చుట్టూ నలగ్గొట్టిన కల్లుప్పులా తెల్లటి పలుకులు, ఒక చుట్టు మీద పచ్చటి మరక. బోర్డు మాత్రం కొత్తదానిలా ఉంది. చెవిపుల్లకు వెనిగర్ తడిపి తాకిస్తే సన్నగా బుడగలు వచ్చాయి. పలుకులు కరిగాయి. స్ప్రింగుకు అతికిన వైరు కొస నల్లబడి టంకం పట్టలేదు. రాగి మెరిసేదాకా కత్తిరించి మళ్లీ అతకాల్సి వచ్చింది. "గింతేనా బిడ్డా! దీనికే పారేయమన్నరా?" అన్నాడాయన.

బుడగలు ఎందుకొచ్చాయన్నదే అసలు విషయం. ఆల్కలైన్ సెల్లులో ఉండేది పొటాషియం హైడ్రాక్సైడ్. అది క్షారం, యాసిడ్‌కు సరిగ్గా ఎదురు. బయటికొచ్చి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి తెల్లటి కార్బొనేట్ అవుతుంది. దానికి విరుగుడు వెనిగరో నిమ్మరసమో. "యాసిడ్ కారింది, వంటసోడా రాయండి" అనే ఇంటి వైద్యం ఇక్కడ క్షారం మీద క్షారం పూయడమే. ఇక సోడా, వెనిగర్ రెండూ కలిపి నురగ చూసి మురిసిపోయేవాళ్లున్నారు. ఆ నురగలో ఒకదాన్నొకటి చంపుకుంటాయి, స్ప్రింగుకు మిగిలేది ఉప్పునీళ్లు.

అలాగని సోడా పనికిరాదని కాదు. కిరాణా కొట్లో వేలాడే చవక సెల్లు ఎక్కువ భాగం జింక్-కార్బన్ రకం. 1972లో పుట్టిన ఇండో నేషనల్ వాళ్లు మన నెల్లూరులో చేసిన నిప్పో సెల్లుకు పేరొచ్చింది ఈ రకంతోనే. ఇందులో జింకు డబ్బాయే మైనస్ ధ్రువం, కరెంటు ఇస్తూ ఇస్తూ తానే అరిగి చిల్లులు పడుతుంది. లోపలి జింక్ క్లోరైడ్, అమ్మోనియం క్లోరైడ్‌లకు కొంచెం ఆమ్లగుణం ఉంది, సోడానీళ్లు ఇక్కడ సరిపోతాయి. బాటసింగారం పండ్ల మార్కెట్ నుంచి సరుకు తెచ్చి హైవే పక్కన అమ్ముకునే బండ్లవాళ్ల డిజిటల్ కాటాల్లో చాలావాటికి చిన్న లెడ్-యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. అక్కడ కారేది నిజంగానే సల్ఫ్యూరిక్ యాసిడ్, అక్కడ సోడాయే రైటు. సెల్లు మీద రాసింది చదవకుండా మందు చెప్పేవాణ్ణి నమ్మొద్దు.

ఏ మందు వాడినా తర్వాత తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. వెనిగర్ మిగిలితే అదే స్ప్రింగును తినేస్తుంది. ఉప్పుకాగితం పెట్టి బరబరా రుద్దితే మెరుస్తుంది కానీ పైనున్న నికెల్ పూత లేచిపోయి వానాకాలానికి తుప్పు పడుతుంది. చేతికి గ్లవుజు, కంటికి అద్దాలు తప్పనిసరి. క్షారం చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే ప్రమాదం.

నిజంగా పోయినవీ ఉన్నాయి. పాత కంప్యూటర్ల మదర్‌బోర్డుకే అతికిన నికెల్-కాడ్మియం బ్యాటరీ కారితే రసం సన్నటి రాగి దారుల్లోకి పాకి వాటిని తినేస్తుంది. అది గట్టి మెకానిక్కుకు కూడా కష్టమే. ఉబ్బిన ఫోను బ్యాటరీ జోలికి అసలు పోకూడదు, అది లిథియం. ఈ రెంటిని చూపించి గోడగడియారాన్ని కూడా చెత్తలో వెయ్యమనడమే నాకు మింగుడుపడనిది.

"రెండొందల రిమోటుకు ఇంత రామాయణమా?" అనేవాళ్లకు జవాబు: ఆ రిమోటుకు పట్టేది పది నిమిషాలు. కౌంటర్ కుర్రాణ్ణి తిట్టీ లాభం లేదు. శుభ్రం చేసి వంద అడిగితే "తుడిచినందుకు వందా?" అని మనమే బేరమాడతాం. కొత్తది అమ్మితే ఎవరూ ఆ మాట అనరు. ఆ కొత్తదాంట్లో ఒక కొత్త సెల్లు, ఒక పాత సెల్లు కలిపి వేసేదీ మనమే. రెండింట్లో నీరసంగా ఉన్నదాన్ని బలమైనది ఉల్టా తోస్తుంది, లోపల గ్యాసు పుట్టి సీలు తెగుతుంది.

స్ప్రింగు పూర్తిగా తినేసినా దారి ఉంది. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠీ, అక్కడే గుజరాతీ గల్లీ. సెల్లు పెట్టే డబ్బాలు, స్ప్రింగులు, పత్తీలు విడిగా అడగొచ్చు. పేరు తెలియకపోయినా పర్లేదు, పాతది జేబులో వేసుకెళ్లి చూపించండి.