తాళవృక్షం పోయి తాళంచెవి

"కుర్రకారుకు ఒళ్ళు వంగదు, అందుకే కల్లుగీత అంతరిస్తోంది" అని ఆమధ్య ఆత్మకూరు బస్సులో ఒక పెద్దమనిషి సెలవిచ్చారు. బస్సులో వాదించడం నాకు చేతకాదు. కనుక ఇక్కడ రాస్తున్నాను, మిత్రులు మన్నించాలి.

సోమశిల పరిసరాలలో ముప్పయ్యేళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి. అమరసింహుడు తాటిని తృణరాజమన్నాడని తరగతిలో గర్వంగా వివరించేవాణ్ణి. (తాడూ గడ్డీ రెండూ ఏకదళబీజాలేనని నేటి శాస్త్రమూ ఒప్పుకుంటుంది.) ఆ నోటితోనే, పద్యం అప్పగించలేని పిల్లవాణ్ణి "తాడెక్కి బతుకుదువుగాని పోరా" అని తిట్టేవాణ్ణి. గీతవాని కొడుకు ఆ తరగతిలోనే తలవంచుకొని కూర్చునేవాడు. ఇప్పుడతడు చెన్నైలో లారీ తోలుతున్నాడు. ఒళ్ళు వంగనిది ఎవరికి?

ఆ వృత్తి ఎంతటిదో చూడండి. నడుముకు మోకు, కాళ్ళకు బందం, వెనుక కత్తీ ముంతా. గెల కొనను పూటపూటా పలుచగా చెక్కాలి. మందంగా చెక్కితే గెల త్వరగా తరిగిపోతుంది, మానేస్తే ధార ఆగిపోతుంది. ముంతలో సున్నం పూస్తే నీరా, లేకుంటే ఎండెక్కేసరికి కల్లు. వానకు మాను జారిందా, ఇక అంతే. నాటిన తాడు గీతకు రావడానికి పదిహేను, ఇరవయ్యేళ్ళు పడుతుంది; ఇటుకబట్టీకి నరకడానికి ఒక్క పూట చాలు. ఇంత చేసి దింపిన కల్లు మరునాటికి పనికిరాదు. సీసా మాత్రం ఏళ్ళతరబడి నిలుస్తుంది.

1992లో మా జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారు. 1993లో సారా పోయింది. వారు చేసినది ధర్మం. కాని ఆ ఖాళీలోకి వచ్చినది ముంత కాదు, పన్ను కట్టే సీసా. 2025లో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీకల్లు తాగి కొందరు మరణిస్తే నింద కల్లుకే వచ్చింది. మత్తుమందు కలిపిన నీళ్ళకు కల్లని పేరు పెట్టినవారెవరు? తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారన్న సామెత ఉంది సరే, చెట్టే లేనిచోట కూడానా?

ఇక మన ప్రభుత్వపు ఔదార్యం. 2025లో గీతకులాలకు మద్యం దుకాణాలలో పదిశాతం, సుమారు 340, లాటరీ తీసి ఇచ్చారు. ఆ ఆదాయంతో కొన్ని కుటుంబాలు నిలబడితే సంతోషమే. కాని దానిని వృత్తిరక్షణ అనకండి. నేతగానికి మిల్లుబట్టల కొట్టు పెట్టించి చేనేతను ఉద్ధరించామన్నట్టుంది. తాళవృక్షం తీసుకొని తాళంచెవి ఇచ్చారు! తెలంగాణలో 2023లో హైదరాబాదులో నీరా కేంద్రం తెరిచారు, 2024లో చెట్టెక్కేవారికి కాటమయ్య రక్షణ కవచమన్నారు. అవి చాలునని నేననను. చెట్టు మీది మనిషిని చూసి చేసిన పనులు, అంతవరకు మేలు.

నా పాత తిట్టుకు క్షమాపణ చెప్పుకోవాలని ఆ శిష్యునికి ఫోను చేశాను. "అదేముందిలే అయ్యవారూ, దుకాణం దరఖాస్తు కాస్త నింపిపెడతారా?" అన్నాడు.

నింపిపెట్టాను. చీటీ తగలలేదు.