రెండుసార్లు నేల తాకే బంతి

వీల్‌చైర్ టెన్నిస్‌ను మామూలు టెన్నిస్ నుంచి వేరు చేసేది ముఖ్యంగా ఒక్క నియమం. బంతి రెండుసార్లు నేల తాకి లేచినా ఆట సాగుతుంది. మూడోసారి తాకేలోపు తిప్పికొట్టాలి. మొదటిసారి గీతల లోపల పడితే చాలు, రెండోసారి బయట పడినా చెల్లుతుంది. తక్కినదంతా అదే: 78 అడుగుల కోర్టు, నడుమ 3 అడుగుల ఎత్తు నెట్, అవే బంతులు, అవే రాకెట్లు, పాయింట్ల లెక్కా అదే. కుర్చీలో ఉన్నవారు నిలబడి ఆడేవారితోనూ తలపడవచ్చు. అప్పుడు ఒకరికి రెండు, ఇంకొకరికి ఒకటి. ఇంత చిన్న మార్పుతో ఇందరిని లోపలికి రానిచ్చే ఆట అరుదు.

రెండో అవకాశం ఉంది కదా, తేలికేమో అనిపిస్తుంది. కాళ్ల మీద ఆడేవారు ముఖం నెట్ వైపే ఉంచి పక్కకు జరుగుతారు. కుర్చీ పక్కకు జరగదు. ముందు తిరగాలి, తర్వాత కదలాలి. ఆగిన కుర్చీని మళ్లీ ఉరికించడానికి భుజాల సత్తువంతా కావాలి కనుక మంచి ఆటగాళ్లు దాన్ని ఆగనివ్వరు. బంతి కొట్టీ కొట్టగానే చాలాసార్లు నెట్‌కు వీపు పెట్టి, భుజం మీదుగా ప్రత్యర్థిని కనిపెడుతూ, చుట్టు తిరిగి మళ్లీ ఎదురొస్తారు. ఇదంతా చేతిలో రాకెట్ ఉండగానే. దాని పిడిని, చక్రం అంచును ఒకే అరచేత అదిమి తోయాలి. పెద్ద పోటీల్లో వీలైతే బంతిని మొదటిసారి లేచినప్పుడే కొట్టడానికి చూస్తారు. రెండోసారి దాకా ఆగితే ఎదుటివారికి కుదురుకునే వ్యవధి చిక్కుతుంది.

నియమాల దృష్టిలో కుర్చీ ఆటగాడి ఒంట్లో భాగం. బంతి కుర్చీకి తగిలితే పాయింటు పోయినట్లే. కొట్టేటప్పుడు సీటు మీంచి లేవకూడదు, పాదాన్ని నేలకు ఆనించి బ్రేకులా వాడకూడదు. సర్వీస్‌కు ముందు కుర్చీ నిలకడగా ఉండాలి. ఆ తర్వాత ఒక్క తోపుకు మాత్రం అనుమతి.

కడప జిల్లాలో, శ్రావణ శనివారాల్లో గండి ఆంజనేయస్వామి గుడి దగ్గరైనా, ప్రొద్దుటూరు బజార్లోనైనా కళ్లకు అలవాటైనది చేత్తో తిప్పే మూడు చక్రాల సైకిలు. దూరం పోవడానికి అది మేలు; ఉన్నచోట గిర్రున తిరగలేదు. ఆసుపత్రి కుర్చీ ఇంకొకరు వెనక నుంచి తోయడానికి చేసింది. ఆట కుర్చీ ఆడేవారి కొలతలకు చేసేది. దాని పెద్ద చక్రాలు పైన దగ్గరగా, కింద ఎడంగా వాలి ఉంటాయి, అందుకే వేగంగా మళ్లినా పక్కకు ఒరగదు. వెనక్కి తిరగబడకుండా ఒక చిన్న చక్రం. నడుమును, కాళ్లను పట్టీలతో బిగిస్తారు. ఒళ్లు మళ్లితే కుర్చీ కూడా మళ్లాలి.

ఈ ఆట 1976లో అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టింది. మంచు మీద స్కీయింగ్ విన్యాసాలు చేస్తూ పడి, 18 ఏళ్లకే కాళ్లు చచ్చుబడిన బ్రాడ్ పార్క్స్ దీనికి ఆద్యుడు. తేలికపాటి కుర్చీలు తయారుచేసుకుంటున్న జెఫ్ మిన్నెబ్రేకర్ తోడయ్యాడు. 1988 సియోల్ పారాలింపిక్స్‌లో ప్రదర్శనగా, 1992 బార్సిలోనాలో పతకాల పోటీగా చేరింది. చేతుల్లోనూ బలం తక్కువైన వారికి క్వాడ్ విభాగం 2004 ఏథెన్స్‌లో వచ్చింది. అందులో కొందరు రాకెట్‌ను చేతికి టేపుతో చుట్టుకుని ఆడతారు. నెదర్లాండ్స్‌కు చెందిన ఎస్తేర్ వెర్గీర్ 2003 నుంచి 2013లో ఆట మానేదాకా సింగిల్స్‌లో వరసగా 470 మ్యాచ్‌లు ఓడలేదు. జపాన్ ఆటగాడు షింగో కునియెడా 28 గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లు గెలిచాడు. ఏ ఆటలోనైనా ఇవి చిన్న అంకెలు కావు.

భారతదేశంలో దారి వేసినవారిలో బెంగళూరుకు చెందిన బోనిఫేస్ ప్రభు ముఖ్యుడు. నాలుగేళ్ల వయసులో వైద్యంలో జరిగిన పొరపాటుతో కాళ్లూ చేతులూ దెబ్బతిన్న ఆయన క్వాడ్ విభాగంలో దేశాలు తిరిగి ఆడాడు. 2014లో పద్మశ్రీ అందుకున్నాడు. కడప జిల్లాకు బెంగళూరు కంటే దగ్గరగా, పొరుగునే ఉన్న అనంతపురంలో గ్రామీణాభివృద్ధి సంస్థ ఆటల ప్రాంగణంలో 2010 నుంచి రఫేల్ నడాల్ ఫౌండేషన్ టెన్నిస్ బడి నడుస్తోంది. పేదపిల్లల చేత రాకెట్ పట్టించవచ్చని సీమలో అది చూపించింది. వీల్‌చైర్ టెన్నిస్‌కు కావలసింది అలాంటి కోర్టే.

ఆడేవారు రోజూ చక్రాల కుర్చీలోనే తిరిగేవారై ఉండాలని లేదు. పోలియో వచ్చి కర్ర సాయంతో నడిచేవారు, కాలు తీసేయించుకుని కృత్రిమ కాలుతో తిరిగేవారు కూడా అర్హులే. వైకల్యం శాశ్వతమైనదని వైద్యులు తేల్చాలి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల గనుల్లో పని, చెట్లెక్కి కాయలు దులపడం, రాత్రిపూట మోటార్ సైకిలు ప్రయాణం: వెన్నెముకకు దెబ్బ తగిలే సందర్భాలు ఇక్కడి బతుకులోనే ఉన్నాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి చేరాక అలా దెబ్బ తగిలినవాళ్లలో ఎక్కువమందికి మిగిలేది మంచమే. ఆ మంచానికీ కోర్టుకూ మధ్య అడ్డు ముందుగా కుర్చీ ధర. దాన్ని ఒక్కో కుటుంబం మీద వేయడం న్యాయం కాదు. జిల్లాకు నాలుగు కుర్చీలు ఉమ్మడిగా ఉన్నా నేర్చుకోవడం మొదలవుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 30వ సెక్షన్ క్రీడా సౌకర్యాలను వారికి అందుబాటులోకి తేవాలని ప్రభుత్వాలకు చెబుతోంది. రెండో అడ్డు కోర్టు కంచెకుండే తలుపు. వాలు చక్రాల కుర్చీ కింది భాగంలో మామూలు కుర్చీ కంటే వెడల్పు. మనిషి ఒక్కడు పట్టే ఇరుకు తలుపు, దాని ముందు ఒక మెట్టు ఉంటే ఆటగాడు బయటే ఉండిపోతాడు.